గిద్దతో మొదలయ్యే లెక్క

వట్లూరు, ఏలూరు చుట్టుపక్కల పాత ఇళ్ళ అటకల మీద వెతికితే ఇత్తడి సోలలూ, తవ్వలూ, ఇనప కుంచాలూ ఇంకా కనిపిస్తాయి. ధాన్యం ఇప్పుడు బస్తాల్లో కాటాకెక్కుతోంది, వాటితో పనిలేదు. కానీ లెక్కలు బడితోనే వదిలిపోయాయనుకునేవాళ్ళకి ఆ కొలపాత్రలను మించిన ఆటవస్తువు లేదని నా నమ్మకం.

వరస చూడండి. రెండు గిద్దలు అరసోల. రెండు అరసోలలు సోల. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం, రెండు కుంచాలు ఇరస, రెండు ఇరసలు తూము. పాత్ర పరిమాణం ఊరిని బట్టి అటూ ఇటూ అయినా ఈ రెట్టింపు వరస నిలిచే ఉంది. తూము దాటాక లెక్క వేళ్ళ మీదికి మళ్ళుతుంది: అయిదు తూములు ఏదుము, పది పందుము, ఇరవై పుట్టి. అక్కడా మళ్ళీ రెట్టింపే. కళ్ళంలో కొలిచే మనిషి ‘ఒకటి’ అనేవాడు కాదు, ‘లాభం’ అని మొదలుపెట్టేవాడు. ఏడుపు వినిపించకుండా ఏడుకి బదులు ‘ఆరున్నొక్కటి’ అనేవాడు.

ఇప్పుడొక ఆట. గిద్ద నుంచి కుంచం దాకా ఏడు పాత్రలూ ఒక్కొక్కటి దగ్గర పెట్టుకోండి. దేన్నైనా ఒక్కసారే వాడాలి, అసలు వాడకపోయినా సరే. 45 గిద్దల బియ్యం కావాలి. కుంచం పెద్దదైపోయింది. అడ్డెడు పోస్తే 32. ఇంకా 13 కావాలి. మానికలో 16 పడతాయి, పనికిరాదు. తవ్వెడు పోస్తే 8 తీరాయి, మిగిలిన అయిదుకీ సోలెడు, గిద్దెడు. అయిపోయింది! ఒకటి నుంచి 127 దాకా ఏ సంఖ్య అడిగినా ఇలాగే కుదురుతుంది, అదీ ఒకే ఒక్క విధంగా. వాడిన పాత్రకు 1, వాడనిదానికి 0 అని పెద్దదాని నుంచి రాసుకుంటూ వస్తే 45 కాస్తా 0101101 అవుతుంది. మన ఫోన్ లోపల అంకెలుండేది ఈ రూపంలోనే.

127 దగ్గరే ఎందుకు ఆగింది? ఏడు పాత్రలూ నింపి, పైన ఇంకొక్క గిద్ద తెచ్చుకోండి. గిద్దా గిద్దా కలిస్తే అరసోల. దానికి మన దగ్గరున్న అరసోల కలిస్తే సోల. దానికి సోల కలిస్తే తవ్వ. అలా ఎక్కుకుంటూ పోతే చివరికి సరిగ్గా ఇరస నిండుతుంది. అంటే ఏడు పాత్రల బియ్యం ఇరసకి ఒక్క గిద్ద తక్కువ. ఎక్స్‌లూ వైలూ లేకుండా, పదేళ్ళ పిల్లకి బియ్యం పోసి చూపించగల నిరూపణ ఇది. ఇంత అందమైనది పాఠ్యపుస్తకాల్లో నాకు అరుదుగా కనిపించింది.

డబ్బు లెక్కా ఇదే దారిలో నడిచింది. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చేదాకా రూపాయిని సగం, సగంలో సగం చేసుకుంటూ వెళ్ళేవారు: అర్ధరూపాయి, పావలా, బేడ, అణా, అర్ధణా, కానీ. కుంచాన్ని అలాగే విరిస్తే అడ్డ, మానిక, తవ్వ, సోల, అరసోల, గిద్ద. రెండు వరసలూ పక్కపక్కన పెడితే మెట్టుకి మెట్టు సరిపోతాయి. కాబట్టి కుంచం ఎన్ని రూపాయలో తవ్వ అన్ని బేడలు, సోల అన్ని అణాలు, గిద్ద అన్ని కానీలు. కుంచం మూడు రూపాయలంటే సోల మూడణాలు. భాగహారం ఊసే లేదు. దశాంశాలు ఎన్నో చిక్కులు తీర్చిన మాట నిజమే, ఈ సుఖం మాత్రం వాటిలో లేదు. రాతలో కూడా పాతికకు ఒక నిలువుగీత, అరకు రెండు, ముప్పాతికకు మూడు ఉండేవి. పదహారో వంతు వీసం, దానికి అడ్డగీత. ఆ గుర్తులకు 2008లో యూనికోడ్‌లో చోటు దొరికింది.

రెట్టింపు ఎంత దూరం పోతుందో తెలుగులో చెప్పినవాడు పావులూరి మల్లన. పెదవేగిని ఒకప్పుడు రాజధానిగా చేసుకున్న తూర్పు చాళుక్యుల కాలంలో, పదకొండో శతాబ్దంలో ఉన్నాడని ఎక్కువమంది పండితుల మాట. తొమ్మిదో శతాబ్దపు జైన గణితజ్ఞుడు మహావీరుడి సంస్కృత గ్రంథాన్ని పద్యాల్లోకి తెచ్చాడు. చదరంగం తొలి గడిలో ఒకటి పెట్టి గడిగడికీ రెట్టిస్తూ పోతే 64 గళ్ళకీ మొత్తమెంతో చెప్పే పద్యం ఆయనదేనంటారు. అందులో అంకెలు మాటల వేషంలో వస్తాయి. చంద్రుడు ఒకటి, వేదాలు నాలుగు, బాణాలు అయిదు, ఏనుగులు ఎనిమిది, ఆకాశం సున్న. కుడి నుంచి ఎడమకి చదువుకుంటే 18446744073709551615. ఒక్క అంకె తప్పలేదు. అంత సంఖ్యని కంఠస్థం చెయ్యడానికి ఛందస్సును వాడుకున్న తెలివికి నేను ముగ్ధుణ్ణి. బియ్యపు గింజ 20 మిల్లీగ్రాములనుకుంటే అన్ని గింజల బరువు సుమారు 37 వేల కోట్ల టన్నులు. ప్రపంచమంతా నేటి లెక్కన పండించినా ఏడు వందల ఏళ్ళు పడుతుంది. మన పాత్రల లెక్కలో చూస్తే, మొదటి గడిలో గిద్ద పోస్తే రెండో వరస మొదటి గడికే తూము!

పాత్రల్లో పోయడమే తప్ప తియ్యడం లేదు కాబట్టి రెట్టింపులు కావలసివచ్చాయి. తక్కెడైతే సరుకు పక్కన కూడా రాయి పెట్టి బరువు తగ్గించవచ్చు. అప్పుడు మూడింతలు చాలు: 1, 3, 9, 27 కిలోల నాలుగు రాళ్ళతో 40 దాకా ప్రతి కిలోనూ తూచవచ్చు. రెండు కిలోలకి మూడు కిలోల రాయి ఒక పళ్ళెంలో, కిలో రాయి సరుకుతోపాటు రెండో పళ్ళెంలో. ఇరవై మూడు కిలోలకి ఏ రాయి ఎటు పెడతారు?