కీల్పాక్కమున ఒక హిప్-హాప్ కచేరి

ధనుర్మాస సంగీతోత్సవములు ఇంకను ముగియని దినములలో, 2018 జనవరి 6వ తేదీన, చెన్నపట్టణము కీల్పాక్కములోని ఒక పాఠశాల మైదానమందు 'ది క్యాస్ట్‌లెస్ కలెక్టివ్' అను బృందము తొలిసారిగా ప్రజల యెదుట పాడెను. చలనచిత్ర దర్శకుడు పా. రంజిత్ ప్రోత్సాహమున, సంగీతకర్త తెన్మా నాయకత్వమున కూడిన పందొమ్మిదిమంది కళాకారులు వారు. పండిత అయోత్తిదాసు (1845-1914) వాడిన 'జాతిభేదము లేని తమిళులు' అను మాట నుండి తమ పేరును గ్రహించిరి. గానా గాయకులు, పరై వాద్యకులు, గిటారు వాయించువారు, ముంబయి ధారావి నుండి వచ్చిన తమిళ ర్యాప్ యువకులు, అందరును సూట్లు ధరించి ఒకే వేదిక నెక్కిరి. శ్రోతలలో ఈ వ్యాసకర్తయు నొకడు.

హిప్-హాప్ అనగానే మన పెద్దలలో పలువురు విదేశపు గోల యని మొగము త్రిప్పుకొందురు. దాని పుట్టుక నించుక తెలిసికొనుట మంచిది. 1973 ఆగస్టు 11న న్యూయార్కు నగరపు బ్రాంక్స్ పేటలో, జమైకాలో పుట్టిన కూల్ హెర్క్ అను యువకుడు తన సోదరి యేర్పాటు చేసిన విందులో గ్రామఫోను పలకలు వేసెను. గానము ఆగి డ్రమ్ములు మాత్రమే మ్రోగు చిన్న ఘట్టమునందే ఆడువారికి ఉత్సాహము హెచ్చుట నాతడు కనిపెట్టి, ఒకే పలక రెండు ప్రతులను రెండు యంత్రములపై నుంచి, ఆ ఘట్టమును మరల మరల సాగదీయు పద్ధతిని కల్పించెను. ఆ దరువుపై నడచు మాటయే ర్యాప్. అది పాటయు గాదు, వట్టి వచనమును గాదు. మన బుర్రకథలో కథకుడు రాగము విడిచి, గుమ్మెటల వరుసపై మాటను పరుగెత్తించు ఘట్టమును తలచుకొన్నచో ఈ రీతి సులభముగా బోధపడును.

ఈ దిగుమతి తమిళమునకు అతుకుట యెట్లు? నా విచారణ యంతయు ఇందే యున్నది. ఆంగ్ల ర్యాప్ మొదట అంత్యప్రాసపై నడచెను. 1987లో వెలువడిన 'పెయిడ్ ఇన్ ఫుల్' సంపుటిలో రాకిమ్ ప్రాసను పాదము లోపలికి దెచ్చి, శ్వాస విరుపులను మార్చివేసెను. అక్కడ నూతనమైన ఆ లోపలి ప్రాస తమిళమునకు పుట్టుకతోడి సొత్తు. రెండవ యక్షరము కలియు ఎదుగై మన ప్రాసకు సోదరి. మొదటి యక్షరము కలియు మోనై మన యతికి దగ్గరి చుట్టము. అందుచేత అరివు వంటి కవి వేగముగ పలుకునప్పుడు విదేశ ఛందస్సును తమిళముతో పూరించినట్లు తోచదు. చతురస్రగతిలో నాలుగు దెబ్బలు స్థిరముగా పడుచుండగా, మాట ఒకమారు తాళమునకు ముందే దూకును, ఒకమారు వెనుకబడి అందుకొనును. ప్రాసస్థానములే ఆ తొట్రుపాటును సరిదిద్దును. అనాగతము, అతీతము ఎరిగిన చెవికి ఇందు అపరిచితమైన దేమియు లేదు.

వాద్యముల విషయము మరింత గంభీరము. గానా ఉత్తర చెన్నపట్టణపు పేటలలో చావుయింట రాత్రి పాడు పాట. సట్టి, కట్టమోళము, పరై అను తోలు వాద్యములు మన సభలలో వినబడవు. వీధిలో శవము వెంట నడచుచుండగా విని మనము తలుపులు మూసికొన్నవి. ఆ నాదమునే టికెట్టు, కుర్చీ, చప్పట్లు గల కచేరికి ఎదుటి వరుసలో నిలుపుట ఈ బృందము చేసిన పెద్ద పని. ర్యాపును గిటారును అందుకు తోడుపడినవి గాని, ముఖ్యములు కావు. పురుషులదే యన్నట్లున్న గానాను ఇసైవాణి గొంతెత్తి పాడుట మరియొక విశేషము. ఆమె కంఠమున నున్న గరుకుదనమును ఏ సంగీతపాఠమును నున్నగా చేయకుండుట మన యదృష్టము.

లోపములు లేకపోలేదు. పందొమ్మిదిమంది ఏకకాలమున మ్రోయించినప్పుడు గానా గొంతులోని సన్నని గమకము గిటారు క్రింద మునిగిపోయినది. నినాదము పాటను మ్రింగు ఘట్టములును కలవు. రిజర్వేషన్లను గూర్చిన 'కోటా' పాట ఇందుకు భిన్నము. అందు వాదము లేదు, వెక్కిరింత యున్నది. ప్రశ్నించిన వానికే ప్రశ్న తిరిగి వచ్చును. శ్రోత నవ్వును, నవ్విన తరువాత తాను ఎవరిని చూచి నవ్వెనో తెలిసికొనును. నినాదమునకు ఈ శక్తి లేదు.

ఇది తమిళుల గొడవ, తెలుగు సంఘపు సంచికలో దీనికి చోటేమి యని యడుగువారుందురు. కోయంబత్తూరు, ఈరోడు మొదలగు పడమటి జిల్లాలలో అరుంధతీయులు పెక్కుమంది యింట మాటలాడునది తెలుగే. వారిలో ఎన్నో కుటుంబములు పరై వాయించు కుటుంబములు. చెన్నపట్టణపు వీధులూడ్చు కార్మికులలోను తెలుగు మాతృభాషగా గలవా రనేకులు. 2009లో తమిళనాడు ప్రభుత్వము షెడ్యూల్డు కులముల 18 శాతములో 3 శాతము అరుంధతీయులకు ప్రత్యేకించినప్పుడు, ఆ వార్తను తెలుగువారి వార్తగా మనలో ఎందరు చదివితిమి? తమిళదేశమందలి తెలుగువారి చరిత్ర యనగా మధుర నాయకులు, తంజావూరు యక్షగానములు, త్యాగరాజు. ఇంతటితో మన పట్టిక నిండిపోవుచున్నది. త్యాగరాజ కృతి సభలో వినబడినప్పుడు మన భాష యని ఉప్పొంగుదుము. అదే నగరమున పరై మ్రోయించు చేయి ఇంటికి బోయి ఏ భాషలో అన్న మడుగునో మన మడిగినవారము కాము.

2020 డిసెంబరులో పా. రంజిత్ పక్షముననే 'మార్గళియిల్ మక్కళిసై' అను జానపద సంగీతోత్సవము ఆరంభమైనది. దాని పేరు ధనుర్మాసమున ప్రజాసంగీతమని యర్థము. అట్టి వేదికలకు మన పరిశోధకులు పోయి, తెలుగింటి పరై వాద్యకులతో వారి భాషలోనే మాటలాడవలెను. వారు ఒక్కొక్క దరువును ఏ పేరుతో పిలుతురో, పెండ్లి దరువు చావు దరువుగా ఎక్కడ మారునో, ఆ పేర్లలో తెలుగు మాటలెన్నియో వ్రాసికొనవలెను. వాయించు పెద్దలు బ్రతికియుండగానే ఈ పని జరుగవలెను.