వెడల్పు, విశాలము: ఒక ఇంగ్లీషు మాటను గూర్చి

ఇంగ్లీషున 'వైడ్' అను చిన్న మాట యొకటి కలదు. దాని నెరుగని విద్యార్థి యుండడు. దానిని సందర్భోచితముగా తెనిగింపగలవారు మాత్రము విద్యావంతులలోను కొందరే. ఇంత యల్పవిషయమునకు పత్రికలో చోటేల యని చదువరులు అడుగవచ్చును. ఆ మాటవలన నొక బాలిక పడిన చిక్కును మేము కన్నులార జూచితిమి గనుక నీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

గడచిన చలికాలమున మేము పర్ణశాలకు బోయియుంటిమి. ఈ గ్రామము భద్రాద్రి కొత్తగూడెము జిల్లా దుమ్ముగూడెము మండలమున, భద్రాచలమునకు సుమారు 35 కిలోమీటర్ల దూరమున, గోదావరి చెంత నున్నది. సీతారాములు వనవాసమున నిచ్చట కుటీరము గట్టుకొనిరని యీ ప్రాంతమువారి నమ్మకము. వాగు బండలమీది రంగుచారలను సీతమ్మ యారవేసిన నారచీరల గురుతులని యాత్రికులకు జూపుదురు. ఏటియొడ్డున పదకొండేండ్ల పిల్ల యొకతె పుస్తకము ముందిడుకొని కూర్చుండి యుండెను. ఇంట కోయభాష, బడిలో తెలుగు, ఆ పైని ఇంగ్లీషు: మూడు మెట్లెక్కి చదువు నందుకొనవలసిన పిల్ల. ఆమె చేతిలోని గైడు పుస్తకమున 'వైడ్' అనుదానికి 'విశాలమైన' యని యొక్క యర్థమే యుండెను. దానిని నమ్మి యామె నాలుగు వాక్యములను తెనిగించినది. నది విశాలముగా నున్నది. తలుపు విశాలముగా తెరచిరి. పిల్లవాడు విశాలముగా మేలుకొని యున్నాడు. అన్నదమ్ముల కిద్దరికిని విశాలమైన భేదము కలదు.

మొదటి వాక్యము నడచును, రెండవది కుంటును, మూడవది నవ్వు పుట్టించును. కాని నవ్వవలసినది పిల్లను జూచి కాదు. మూడవమెట్టున నిలిచిన బిడ్డకు రెండవమెట్టు నూడబెరికినవారిని గూర్చి విచారింపవలెను.

ఇంగ్లీషువారికి వెడల్పును దెలుపు మాటలు ముఖ్యముగా రెండు: 'వైడ్', 'బ్రాడ్'. రెండును వారి ప్రాచీనభాషనుండి వచ్చినవే. 'వైడ్' అనునది తరచుగా ఒక యంచునుండి మరియొక యంచునకు గల యెడమును దెలుపును. 'బ్రాడ్' అనునది నడుమ పరచుకొనిన మేనిని దెలుపును. అందుచేతనే తెరచిన నోటికిని తలుపునకును మొదటిది, భుజములకు రెండవది వాడుదురు. ఈ భేదము గీత గీచినట్లు నిలుచునది కాదు. రైలుపట్టాల నడిమి 1,676 మిల్లీమీటర్ల యెడమును 'బ్రాడ్ గేజి' యనియే యనుచున్నారు గదా! అయినను మొత్తముమీద 'వైడ్' అనగానే రెండు కొనలును వాని నడిమి దూరమును మనసునకు దోచును. క్రికెట్టాటలో బ్యాటుకందక దూరముగా బోయిన బంతిని 'వైడ్' అనుటయు నిందుకే. మన వీధిపిల్ల లీ మాటను తెనిగింపక యట్లే వాడుచున్నారు. వారి వాడుకలో తప్పేమియు లేదు.

ఇట్టి మాటకు తెనుగున ఒక్క పర్యాయపదము చాలునా? చాలదు, చాలనక్కరయు లేదు. మన యిండ్లలోనే కావలసినన్ని మాటలున్నవి. ఏటికి వెడల్పు, రొమ్మునకు వెడద, బట్టకు పన్నా. తలుపులు బార్లా తెరతుము, కన్నులు విప్పారును, సరకు విరివిగా దొరకును, వార్త ఊరూరా ప్రాకును. నిదుర రానివానికి కంటిమీద కునుకుండదు. గురికి దూరమైన బాణము గురితప్పినది. ఇక రెంటి నడుమ మిక్కిలి భేదము చెప్పవలసినచోట నక్కకును నాగలోకమునకును ఉన్నంత యనుట మన యవ్వ లెరిగినదే. ఇన్ని యుండగా ఒక్క 'విశాలము'ను అన్నిటికిని తొడుగుట, ఇంటిల్లిపాదికిని ఒకే కొలత చొక్కా కుట్టించుట వంటిది.

నిఘంటువులను నిందింపరాదు. బ్రౌను దొర 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించిన నాటినుండియు నిఘంటుకర్తలు ఒక్కొక్క మాట యెదుట పెక్కు మాటలను పేర్చి చూపుచునే యున్నారు. అందు దగినదాని నేరుకొనుట మన పని. మొదటిదానిని గైకొని తక్కినవానిని విడుచు సోమరితనమే గైడుగా నచ్చయినది.

ఈ సోమరితనము బడిపిల్లలతో నాగినచో నింతగా చింతింపకుందుము. పత్రికలు దెరచి చూడుడు. సభ జరిగిన 'విస్తృతస్థాయి సమావేశము'. ఉత్సవము వచ్చిన 'విస్తృతమైన యేర్పాట్లు'. వరద వచ్చిన 'విస్తృత సహాయచర్యలు'. వీని కొలత యెంత? భద్రాచలమున గోదావరి 43 అడుగులకు జేరిన మొదటి ప్రమాదహెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టులో నీరు 75.6 అడుగులకును, 2022 జూలైలో 71.3 అడుగులకును పెరిగినది. పెద్ద వరద వచ్చినపుడు పర్ణశాలలోని నారచీరల బండలును మునుగును. ఏరు గట్టు దాటి వెడల్పగుచున్న రాత్రి, పిల్లలతో నింట నున్న తల్లికి కావలసినది 'విస్తృత' మను విశేషణము కాదు. నీ రెన్ని యడుగులున్నది, పడవ యెచ్చట నున్నది, అన్నమెచ్చట పెట్టుదురు అని తెలియవలెను. కొలత చెప్పవలసినచోట వైశాల్యము చెప్పుట భాషాదోషము మాత్రమే కాదు. బాధ్యత తప్పించుకొనుటయు నగును.

కొత్తమాటలు కూడదా యని కొంద రాక్షేపింపవచ్చును. మే మట్లనము. 'విశాలహృదయము' అను మాట చక్కగా నున్నది. హృదయమును చేనివలె పరచుకొనినదానిగా భావించుట మన భాషకు పొసగినది. అయితే ఆ మాటను వాడు గృహస్థులను ఒక్కటి యడుగుదుము. ఏటికి వెడల్పు రెండవ యొడ్డు వలన దెలియును. మన హృదయవైశాల్యము మన కెదుటివారి వలన దెలియవలెను. కోడలు చదువుదునన్నప్పుడు, ఇంట పనిచేయు మనిషి కూలి యడిగినప్పుడు, మన మాట కానివారు గుమ్మమున నిలిచినప్పుడు, ఆ యొడ్డునుండి చూచువారికి మనము విశాలముగా గనబడుచున్నామా? తన యొడ్డున దాను నిలిచి తన వెడల్పును పొగడుకొనువాని మాటకు ప్రమాణము లేదు.

తుదకు మే మా పిల్లను గైడు మూసివేసి, ఏటిని జూచి చెప్పుమంటిమి. ఆమె లేచి నిలిచి, రెండుచేతులును చాచి, "ఈ ఒడ్డు నుంచి కేకేస్తే ఆ ఒడ్డుకు వినపడదండీ" అన్నది. అదియే యా మాటకు సరియైన తెనుగు. ఆమె యెరిగినదానిని ఆమె చేతనే చెప్పింపగల పుస్తకములు వ్రాయుట పెద్దల పని. తలిదండ్రులు తమ బిడ్డల చేతిలోని యర్థములను వారమున కొకసారియైన చదివిచూడవలెనని మా మనవి.