గంటం దొరకు డైలాగ్ ఏది?

సంక్రాంతి సెలవులకు ఆశ్రమ పాఠశాలల నుంచి పిల్లలు ఇళ్లకు చేరతారు. ఆ రోజుల్లో టీవీలో పాత సినిమాలు వరసగా వస్తాయి. కృష్ణ నటించిన 'అల్లూరి సీతారామరాజు' వేశారంటే గూడెంలో టీవీ ఉన్న ఇంటి అరుగు నిండిపోతుంది. మొన్నటి సెలవుల్లోనూ అంతే. సినిమా అయ్యాక పిల్లలు వెదురు బద్దలతో విల్లులు చేసుకుని ఆట మొదలుపెట్టారు. అందరికీ రాజు వేషమే కావాలి. గంటం దొరగా ఉండమంటే ఒక పిల్లవాడు ఒప్పుకోలేదు. "నాకొద్దు సార్, ఆయనకు పెద్ద డైలాగ్ లేదు" అన్నాడు.

ఆ మాట మమ్మల్ని ఆలోచనలో పడేసింది.

ముందు సినిమాలోని మంచి చెప్పుకోవాలి. 1974లో వచ్చిన ఈ చిత్రం కృష్ణకు నూరవది. తెలుగులో మొదటి సినిమాస్కోప్ చిత్రం కూడా ఇదే. 'మోసగాళ్లకు మోసగాడు'లో గుర్రమెక్కి తుపాకి పేల్చిన నటుడు ఇందులో నెమ్మదించాడు. కాషాయం, గడ్డం, చేతిలో విల్లు, నిలకడైన చూపు. చివరిలో రూథర్‌ఫర్డ్ వేషంలో ఉన్న జగ్గయ్య ఎదుట నిలిచినప్పుడు ఆయన మాటకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. పైగా చింతపల్లి అడవుల్లో తీసిన సినిమా. మన కొండలు, మన వాగులు తెరమీద కనబడితే మన పెద్దవాళ్ల ముఖాలు వెలిగిపోతాయి. ఆ సంతోషం నిజమైనదే. దాన్ని ఎవరూ తక్కువ చేయనక్కర్లేదు.

అయితే ఆ తెరమీద మన కొండలున్నంత స్పష్టంగా మనం ఉన్నామా? గూడెం జనం ఎక్కువసేపు గుంపుగానే కనబడతారు. బాధ చెప్పుకుంటారు, దండం పెడతారు, రాజు వెనక నడుస్తారు. ధైర్యం ఆయనతోపాటే కొండెక్కి వచ్చినట్టు ఉంటుంది. శ్రీశ్రీ రాసిన పాటకు జాతీయ అవార్డు వచ్చింది. అది గొప్ప పాటే. కానీ అది లేచి రమ్మని పిలిచేది తెలుగు వీరుణ్ణి. అడవిలో అప్పటికే లేచి నిలబడ్డవాళ్లకు వేరే పేర్లున్నాయి.

చరిత్ర చూద్దాం. రాజు పుట్టకముందే, 1879లో రంప కొండలు తిరగబడ్డాయి. కల్లు మీద వేసిన చిగురుపన్ను అందుకు ఒక కారణం. తమ్మన్న దొర వంటివాళ్లు ముందు నిలిచారు. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత పోడు నేరమైంది. గూడెం తాసీల్దారు బాస్టియన్ ఘాట్ రోడ్డు పనికి మనవాళ్లను పట్టుకుపోయి, కూలి సరిగా ఇవ్వకుండా చాకిరీ చేయించాడు. అతనితో తగాదాలో గాం గంటం దొర మునసబు పదవీ, భూమీ పోగొట్టుకున్నాడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడినవాళ్ల గుండెల్లో ఇన్నేళ్ల మంట ఉంది. రాజు ఆ మంటను ఒక దారికి తెచ్చాడు. అదే ఆయన గొప్పతనం. అయితే నిప్పు ఆయన తెచ్చింది కాదు, మనదే.

1924 మే 7న రాజు మరణంతో సినిమా కథ ముగుస్తుంది. కొండల్లో కథ అక్కడ ఆగలేదు. మరుసటి నెలలో గంటం దొర పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. ఆయన తమ్ముడు మల్లు దొర అండమాన్ జైలుకు వెళ్లి, తిరిగి వచ్చి, 1952లో మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. అండమాన్ చూసిన కొండ మనిషి ఢిల్లీ పార్లమెంటులో కూర్చున్నాడు! ఇంతకంటే పెద్ద సినిమా కథ ఏం కావాలి?

సినిమాలో చరిత్ర మొత్తం ఉండదు. హీరో చుట్టూ కథ అల్లడం ఆ వృత్తికి అలవాటే. కృష్ణను తప్పుపట్టి లాభం లేదు. టీవీ కట్టేసిన తర్వాత మనం ఏం మాట్లాడుతున్నాం అన్నదే అసలు ప్రశ్న. ఏమీ మాట్లాడకపోతే, మనకు ఎవరో ఒకరు బయటినుంచి రావాలనే పాఠమే పిల్లల మనసులో మిగులుతుంది. అలా నేర్చుకున్న పిల్లవాడు రేపు పట్టా కోసమో, హాస్టల్ అన్నం కోసమో నోరు విప్పాల్సి వచ్చినప్పుడు కూడా ఎవరో వస్తారని ఎదురుచూస్తాడు.

కాబట్టి తోటి టీచర్లకు మా మనవి ఒకటే. సినిమా చూడొద్దని పిల్లలకు చెప్పకండి. కలిసి చూడండి. చూశాక అడగండి: దళానికి దారి చూపింది ఎవరు? అన్నం పెట్టింది ఎవరు? తర్వాత జైళ్లకు వెళ్లింది ఎవరు? ఇళ్లలో తాతలను, అవ్వలను అడిగి రమ్మనండి.

మేము ఆ పిల్లవాడికి గంటం దొర భూమి కథ చెప్పాం. బాస్టియన్ ఎదుట నిలబడి ఆయన ఏమని ఉంటాడో నువ్వే రాయమన్నాం. సెలవులు అయ్యేలోపు రెండు పేజీలు రాసుకొచ్చాడు. సగం తెలుగు, సగం మన భాష. ఆటలో ఇప్పుడు గంటం దొర వేషానికి కూడా పోటీ ఉంది.