రాయి తిప్పితే మళ్లీ బోర్లించండి

గెడ్డ బాగుందో లేదో నీళ్లు చూస్తే తెలియదు, రాయి తిప్పి చూడాలి. చోడవరం చుట్టుపక్కల పెద్దేరులో దిగినా, బొడ్డేరులో దిగినా, వాటిలోకి వచ్చే గెడ్డల్లో దిగినా నాకు అదే అలవాటు.

దానికో పద్ధతుంది. ఎగువకు ముఖం పెట్టి నడవాలి. అప్పుడు అడుగున రేగిన బురద వెనక్కి పోతుంది, ముందున్న నీరు తేటగా ఉంటుంది. రాతి అంచు కొంచెమే ఎత్తాలి. కింద నల్లబడిన ఆకులు, వాటి మధ్య పీత ఉంటే ఆ గెడ్డకి ప్రాణం ఉన్నట్టే.

రొయ్యలాంటి మంచినీటి జీవి క్రేఫిష్ దొరుకుతుందా అని కుర్రాళ్లు అడుగుతుంటారు. ప్రపంచంలో 600కు పైగా రకాలున్నా, మన దేశపు ఏర్లలో పుట్టి పెరిగేది ఒక్కటీ లేదు. ఇక్కడ దాని స్థానం పీతది. రెండింటి అవసరాలూ ఇంచుమించు ఒకటే: ప్రాణవాయువున్న నీరు, పెంకుకు సున్నం, తిండికి కుళ్లిన ఆకు, అన్నిటికీ మించి దాక్కునే చోటు. పాత పెంకు విడిచాక కొత్తది గట్టిపడేదాకా పీత ఒళ్లు మెత్తగా ఉంటుంది. చాటు లేకపోతే కొంగకే కాదు, సాటి పీతకీ ఆహారమైపోతుంది.

ఆడపీత పొట్ట కింది మడత వెడల్పుగా ఉంటుంది. అదనులో చూస్తే అందులో తల్లి పోలికతోనే బుల్లి పీతలు కనిపిస్తాయి. ఏటిలో పెరిగే నీలకంఠ రొయ్య అలా కాదు, దాని పిల్లలు బతకాలంటే ఉప్పు కలిసిన నీరు కావాలి, అందుకే ఏటికి అడ్డంగా కట్టే ఆనకట్ట దానికి గండం. మన పీత పుట్టుకా చావూ గెడ్డలోనే. అక్కడ దాని సంతతి పోతే సముద్రం నుంచి కొత్తది రాదు.

కాబట్టి గట్టులో కలుగు తవ్వుకుని ఉండే పీతకి ఆ గట్టే ముఖ్యం. కలుగు మూతి దగ్గర తడి మట్టి ఉండలుంటే లోపల పీత ఉన్నట్టు, సాలెగూడు పట్టి ఉంటే లేనట్టు. ఎండాకాలం గెడ్డ ఇంకిపోతే పీత తేమ తగిలేదాకా లోతుకు తవ్వుకుంటుంది. పూడిక పేరుతో పొక్లెయిన్ రెండు గట్లూ చెక్కేసినా, సిమెంటు గోడ కట్టినా నీరు పారుతూనే ఉంటుంది, పీతకి మాత్రం ఇల్లుండదు. చెరకు, వరి మళ్ల నుంచి దిగే పురుగుమందు ఇంకో దెబ్బ: పీతకీ పురుగుకీ దూరపు చుట్టరికం ఉంది, ఒకదాన్ని చంపే మందు రెండోదాన్నీ చంపగలదు.

పూడిక తీయించే పెద్దలకు నా మనవి ఒక్కటే: ఒక పక్క గట్టునైనా చెట్లతో, వేళ్లతో అలాగే వదలండి. రాయి తిప్పే పిల్లలకూ ఒక మాట: చూశాక దాన్ని ముందు ఎలా ఉందో అలాగే బోర్లించి రండి.