‘యొక్క’ తెచ్చిన చిక్కు

తెలుగు మాధ్యమ విద్యార్థుల కోసం వచ్చే ఇంగ్లీషు వ్యాకరణ గైడ్లు చాలావరకు సంబంధార్థాన్ని ఒక్క వాక్యంతో ముగిస్తాయి: నామవాచకానికి అపాస్ట్రఫీ, ఎస్ చేరిస్తే ‘యొక్క’ అనే అర్థం వస్తుంది. ఈ సూత్రం సగమే నిజం. పైగా మీకు ముందే తెలిసినదాన్ని మరిపిస్తుంది.

చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) షష్ఠీ విభక్తిలో ‘యొక్క’ను చెప్పిన మాట వాస్తవమే. కాని గండిపేటలో ఎవరూ ‘చెరువు యొక్క కట్ట’ అనరు, చెరువు కట్ట అంటారు. ఇల్లు ‘ఇంటి’ అవుతుంది, ఊరు ‘ఊరి’ అవుతుంది, చెరువు మారనే మారదు. ఇటువంటి మార్పు తెచ్చే వర్ణాలనే సూరి ఔపవిభక్తికాలు అన్నాడు. గైడ్లు ఈ మాట ఎత్తవు.

‘గండిపేట నీళ్లు’ అన్న మాట తీసుకోండి. 1908 మూసీ వరదల తరువాత కట్టి, 1920లో పూర్తి చేసిన ఉస్మాన్ సాగర్ నీళ్లవి. గైడును నమ్మిన విద్యార్థి దీన్ని ‘గండిపేట్స్ వాటర్’ అని రాస్తాడు. ‘గండిపేట్ వాటర్’ చాలు. ఇక్కడ ఊరి పేరు ఏ నీళ్లో చెబుతున్నది, నీటికి యజమానిని కాదు. ఉస్మాన్ సాగర్ అన్న పేరే చూడండి: ఏడవ నిజాం పేరు ముందు నిలిచింది, ప్రత్యయం ఏదీ లేదు.

అసలు చిక్కు బహువచనంలో ఉంది. రైతు పొలం, రైతుల పొలం అన్నప్పుడు ‘ల’ చెవికి వినబడుతుంది. ఇంగ్లీషులో ‘ఫార్మర్స్’ అన్న ఒకే ఉచ్చారణ రైతులు, రైతుది, రైతులది అనే మూడింటికీ సరిపోతుంది. భేదమంతా రాతలోనే. ఒక్క రైతుదైతే అపాస్ట్రఫీ ఎస్‌కు ముందు, పలువురిదైతే తరువాత. దరఖాస్తులో ఆ గుర్తు స్థానం మారితే ఒకరి పొలం పదిమంది పొలంగా చదవబడుతుంది. రాసే ముందు తెలుగులోనే అడగండి: రైతుదా, రైతులదా? ‘చిల్డ్రన్’ వంటి మాట ఎస్ లేకుండానే బహువచనం గనుక అపాస్ట్రఫీ ముందే వస్తుంది, ఎస్ తరువాత.

తెలుగు అడ్డుపడే చోట్లూ లేకపోలేదు. ‘మా నాన్న’ను ‘అవర్ ఫాదర్’ అని రాసిన జవాబు పత్రాలు నేను ఎన్నో దిద్దాను. మన ‘మా’ ఇంటిల్లిపాదినీ కలుపుకుంటుంది. ఒక్కరే మాట్లాడేటప్పుడు ఇంగ్లీషువాడు ‘మై ఫాదర్’ అంటాడు. అలాగే ‘వారం రోజుల సెలవు’ను ‘వన్ వీక్ లీవ్’ అని రాయడం మన కార్యాలయాల్లో పాతుకుపోయింది. కాలాన్ని చెప్పే మాటకు ప్రాణం లేకపోయినా అపాస్ట్రఫీ, ఎస్ చెల్లుతాయి: ‘ఎ వీక్స్ లీవ్’. మీ తరువాతి సెలవు చీటీలో అలాగే రాయండి.