బొమ్మకు ప్రాణం ఎక్కడిది? – మందెచ్చు బొమ్మలపై ఒక పరిశీలన

బొమ్మకు తనదైన వ్యక్తిత్వం ఉంటుందా అనే ప్రశ్నను తెలంగాణ జానపద ప్రదర్శనల వెలుగులో పరిశీలించవలసి ఉంది. యాదవులను ఆశ్రయించిన మందెచ్చువారు చెక్కబొమ్మలను చూపుతూ కాటమరాజు కథ చెబుతారు. చేర్యాల నకాషీలు తేలికపాటి కర్రపై రంపపు పొట్టు, చింతగింజల అంబలి కలిపిన ముద్దను మెత్తి, రంగులద్ది వీటిని తయారుచేస్తారు.

తీర్చిన ముఖంలోనే పాత్ర స్వభావం ఉందని కొందరు భావించవచ్చు. అది కొంతవరకే నిజం. మీసం, రంగు, ఆయుధం వీరుడని తెలుపుతాయి. ఏ వీరుడో, ఏ దుఃఖం మోస్తున్నాడో కథకుని గొంతే తెలుపుతుంది.

సూర్యాపేట సమీపంలోని దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర రెండేళ్లకోసారి జరుగుతుంది. దానికి కేసారం నుంచి దేవరపెట్టె తరలివస్తుంది. అందులోని ప్రతిమలకు భక్తులు ఆపాదించేది దైవత్వం. మందెచ్చు బొమ్మకు శ్రోతలు ఆపాదించేది వ్యక్తిత్వం. రెండింటినీ ‘ఆత్మ’ అనే ఒకే మాటతో వ్యవహరించడం సరికాదు. అయితే రెండుచోట్లా ప్రాణం పోసేది సమూహమే.

తంగిరాల వెంకట సుబ్బారావు కృషితో కాటమరాజు కథలు గ్రంథస్థమయ్యాయి. బొమ్మలు సేకర్తల అద్దాల పెట్టెల్లోకి చేరాయి. పాఠం ఒకచోట, బొమ్మ మరొకచోట మిగిలితే వ్యక్తిత్వం రెండింటిలోనూ దొరకదు. కనుక బొమ్మను దాని కథనంతో కలిపి నమోదు చేయడమే పరిశోధకుల తక్షణ కర్తవ్యం.