ఆగడం తెలిసిన స్క్రిప్ట్

1984లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని వ్రైయ యూనివర్సిటీలో డిక్ గ్రూన్ అనే అధ్యాపకుడు, ఆయన విద్యార్థులిద్దరు కలిసి ఒక సీ కంపైలర్ పని మొదలుపెట్టారు. ముగ్గురి వేళలూ మూడు రకాలు. ఒక విద్యార్థి తొమ్మిదికి వచ్చి అయిదుకు లేచే రకం, ఇంకొకరికి వేళాపాళా లేదు, గ్రూన్‌కేమో సాయంత్రాలే తీరిక. అప్పటికున్న వెర్షన్ కంట్రోల్ సాధనం ఆర్‌సీఎస్‌లో ఒకరు ఫైలుకి తాళం వేసుకుని దిద్దుతుంటే మిగతావాళ్లు చేతులు కట్టుకు కూర్చోవాల్సిందే. గ్రూన్ ఆర్‌సీఎస్‌ను పక్కన పడేయలేదు. దాని మీద కొన్ని షెల్ స్క్రిప్టులు రాసుకున్నాడు, 1986లో వాటిని అందరికీ ఇచ్చేశాడు. ఓపెన్ సోర్స్ లోకం చాలా ఏళ్లు ఆధారపడిన సీవీఎస్ పుట్టింది అలాగే. సీ భాషలో దాని రూపం 1989లో బ్రయన్ బెర్లినర్ చేతిలో మొదలైంది.

గిట్ కథా దాదాపు ఇంతే. 2005 ఏప్రిల్‌లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టినప్పుడు లోపలి యంత్రాంగం సీలో ఉన్నా, పైన వాడే కమాండ్లు చాలావరకు షెల్‌లోనే ఉండేవి. రోజూ కొట్టే గిట్ పుల్ 2015 దాకా ఒక షెల్ స్క్రిప్టే. రిపాజిటరీలను రాత్రిపూట తనంతట తానే అప్‌డేట్ చేసే స్క్రిప్ట్ రాసుకునేవాళ్లు ఆ పాత అలవాటునే నడుపుతున్నారు.

పైకి చూస్తే ఇదేం పెద్ద పని కాదు. ఒక ఫోల్డర్‌లో పదిహేనో ఇరవయ్యో రిపాజిటరీలుంటాయి. ఫర్ లూప్ పెట్టి ఒక్కోదాంట్లోకీ వెళ్లడం, గిట్ పుల్ కొట్టడం, మొత్తాన్ని క్రాన్‌కి అప్పగించడం. నాలుగు లైన్లు. కానీ మంచి స్క్రిప్టుకీ చెడ్డదానికీ తేడా తెలిసేది అది ఎప్పుడు ముందుకు వెళ్లనంటుందో చూసినప్పుడే.

నిన్న మధ్యాహ్నం ఎవరో సగం దిద్ది వదిలేసిన ఫైలు ఉందనుకోండి. అర్ధరాత్రి వచ్చే స్క్రిప్టుకి ఆ సంగతి తెలియాలి. అందుకే ముందు గిట్ స్టేటస్‌ను పోర్సిలైన్ ఆప్షన్‌తో అడగాలి. ఏమీ రాకపోతే మైదానం ఖాళీ. ఒక్క లైను వచ్చినా ఆ రిపాజిటరీని ముట్టుకోకూడదు. అలాగే పుల్‌ను రెండు ముక్కలు చేసుకోవాలి. ఫెచ్ మన ఫైళ్ల జోలికి రాదు కాబట్టి ఎప్పుడైనా చేయొచ్చు. మెర్జ్ మాత్రం ఎఫ్ఎఫ్-ఓన్లీ షరతుతోనే, అంటే మన వైపు కొత్త కమిట్లేవీ లేనప్పుడే. రెండు వైపులా మార్పులుంటే వాటిని కలపడం మనిషి పని. ఆ మాట గిట్‌కే ఆలస్యంగా తట్టింది: 2021 నుంచి దారులు చీలినప్పుడు ఎలా కలపాలో ముందే చెప్పి ఉంచకపోతే గిట్ పుల్ ఆగిపోతోంది.

ఫోల్డర్ మారడంలో కూడా ఒక ఉచ్చుంది. సీడీ విఫలమైతే షెల్ ఆగిపోదు, ఉన్నచోటే తర్వాతి కమాండ్ నడిపేస్తుంది. సీడీ మానేసి, గిట్‌కే పెద్ద సీ ఆప్షన్‌తో దారి చెప్పడం మేలు. ఆ దారిని కొటేషన్లలో పెట్టాలి. పేరులో ఒక్క ఖాళీ ఉన్నా షెల్ దాన్ని రెండు పేర్లుగా చదువుతుంది.

క్రాన్ దగ్గర ఇంకో చిక్కు. టెర్మినల్‌లో చక్కగా నడిచిన స్క్రిప్ట్ అక్కడ కూలబడుతుంది: పాత్ కురచగా ఉంటుంది, ఎస్ఎస్‌హెచ్ కీకి పాస్‌ఫ్రేజ్ ఉంటే కొట్టేవాళ్లుండరు. ఎస్ఎస్‌హెచ్‌కి బ్యాచ్‌మోడ్ పెడితే అది పాస్‌వర్డ్ కోసం ఎదురుచూడకుండా వెంటనే విఫలమవుతుంది, మనకు కావలసిందీ అదే. ఒక పరుగు ముగియకముందే రెండోది మొదలవకుండా ఎఫ్‌లాక్ చూసుకుంటుంది.

ప్రతి స్క్రిప్టు తలమీదా, తప్పు రాగానే ఆపేసే సెట్ మైనస్ ఈ పెట్టమని చాలామంది సలహా ఇస్తారు. ఈ లూపుకి నేనది ఒప్పుకోను. మూడో రిపాజిటరీ సర్వర్ పలకలేదని మిగతా పదిహేడూ పస్తుండటం దేనికి? విఫలమైన పేర్లు పోగుచేసి చివర అచ్చువేస్తే చాలు. అన్నీ బాగుంటే ఒక్క మాటా పలకకూడదు. స్క్రిప్ట్ ఏదైనా అచ్చువేస్తేనే క్రాన్ మెయిల్ పంపుతుంది, కాబట్టి మెయిల్ వచ్చిందంటే చూడాల్సిన పని ఉందన్నమాటే.

ఇక అన్నీ యాడ్ చేసి, “ఆటో” అని కమిట్ చేసి, పుష్ చేసేసే స్క్రిప్టులు. సొంత నోట్సుకి పర్వాలేదు. కోడుకి వద్దు, పాస్‌వర్డులున్న ఫైలొకటి ఎవరూ చూడకుండానే బయటికి పోతుంది.

సర్వర్ మీదున్న కాపీ వేరే జాతి. అక్కడ ఎవరూ చేత్తో దిద్దకూడదు కాబట్టి ఫెచ్ చేసి రీసెట్ హార్డ్ కొట్టడమే సరైన పద్ధతి. దాన్ని పోస్ట్-రిసీవ్ హుక్ నుంచి నడిపితే ముందు గిట్-డిర్ వేరియబుల్‌ను అన్‌సెట్ చేయాలి, లేకపోతే గిట్ వేరే రిపాజిటరీలో వెతుకుతుంది. అదే స్క్రిప్టును మన ల్యాప్‌టాప్ మీదికి తెచ్చి నడిపితే మాత్రం గిట్ ట్రాక్ చేసే ఫైళ్లలో కమిట్ చేయని మార్పులన్నీ పోతాయి. కమిట్లయితే రెఫ్‌లాగ్‌లో వెతికి తెచ్చుకోవచ్చు, ఇవి అక్కడ కూడా ఉండవు.